91 మియాటాలో హీటర్ వెచ్చగా రావట్లేదు, థర్మోస్టాట్ మార్చినా అంతే

నోవై91:

అన్నలూ అక్కలూ, కాస్త సాయం కావాలి. నేను మిషిగన్‌లో నోవై దగ్గర ఉంటాను, నా దగ్గర 1991 మాజ్డా మియాటా ఉంది, 1.6 ఇంజన్, 5 స్పీడ్ మాన్యువల్, లేచి పడుకునే హెడ్‌లైట్లున్న మొదటి తరం బండి. ఒక పెద్దాయన దగ్గర కొన్నాను, బాడీ తుప్పు పట్టకుండా చాలా శుభ్రంగా ఉంది, ఆయన చలికాలంలో బయటికి తీసేవాడు కాదంట. నాకేమో రోడ్లు పొడిగా ఉప్పు లేకుండా ఉన్న రోజుల్లో చలికాలం కూడా నడపాలని కోరిక, అందుకే హార్డ్‌టాప్ (తీసి పెట్టుకునే గట్టి పైకప్పు) కూడా వెతికి కొని పెట్టుకున్నా.

సమస్య ఏంటంటే హీటర్. స్టార్ట్ చేసి ఇంజన్ వేడెక్కే దాకా ఆగుతాను, టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటికే వచ్చి నిలబడుతుంది, అయినా వెంట్ల లోంచి వచ్చేది చల్లగాలే. ఫ్రీవే ఎక్కి కాసేపు నడిపితే గోరువెచ్చగా వస్తుంది, దిగి సిగ్నల్ దగ్గర ఆగగానే మళ్ళీ చల్లబడిపోతుంది. బ్లోయర్ నాలుగు స్పీడ్‌లూ బాగానే తిరుగుతోంది, గాలి ఫోర్స్ కూడా గట్టిగానే ఉంది. బండి కింద చుక్క కూడా కారట్లేదు, కార్పెట్ తడి లేదు, తియ్యటి వాసన లాంటిదీ లేదు.

దగ్గర్లో ఒక షాపుకి తీసుకెళ్తే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కే దాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) మార్చి కొత్త కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పోశారు, ఏం తేడా లేదు. ఇప్పుడు హీటర్ కోర్ (డాష్ వెనక ఉండే చిన్న రేడియేటర్, వెంట్ల గాలి వేడెక్కేది దీని మీదే) పోయింది, డాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి అంటున్నారు, వాళ్ళు చెప్పిన రేటు వింటే గుండె ఆగింది. డబ్బు ఒక ఎత్తు, ముప్పై ఏళ్ళు దాటిన డాష్ ఊడదీస్తే ఆ ప్లాస్టిక్ క్లిప్పులు మళ్ళీ సరిగ్గా కూర్చుంటాయా అన్నది నాకు ఇంకా పెద్ద భయం. చేతులు ముడుచుకుని కూర్చుంటే చలి సంగతి పక్కన పెట్టండి, ముందు అద్దం మీద మంచు పొర కరగట్లేదు, అది ప్రమాదం. కోర్ మార్చక ముందు నేను ఇంట్లో చూసుకోగలిగేవి ఏమైనా ఉన్నాయా? రెంచీలు, జాక్, జాక్ స్టాండ్లు ఉన్నాయి, ఆయిల్, బ్రేకులు నేనే చేసుకుంటాను.

పాపప్‌లైట్లు:

తమ్ముడూ, కంగారు పడకు, డాష్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. నాది 93 మోడల్, ఒహాయోలో చాలా ఏళ్ళుగా చలికాలంలో నడుపుతున్నా, ఈ బండి హీటర్ సరిగ్గా ఉంటే కాళ్ళు కాలేంత వేడి ఇస్తుంది, అంత చిన్న క్యాబిన్ కదా.

ముందు ఒక్కటి తేల్చుకో, లోపం నీళ్ళ వైపా గాలి వైపా అని. అది తేలకుండా ఏ పార్ట్ కొన్నా డబ్బులు దండగే. ఈ బండిలో హీటర్ కోర్‌కి వాల్వ్ లేదు, వేడి కూలెంట్ ఎండాకాలం చలికాలం అని లేకుండా ఎప్పుడూ కోర్ గుండా తిరుగుతూనే ఉంటుంది, నువ్వు నాబ్ తిప్పితే లోపల ఒక తలుపు కదులుతుంది అంతే, గాలి కోర్ మీదుగా పోవాలా పక్క నుంచి పోవాలా అని. కాబట్టి బానెట్ ఎత్తి, ఇంజన్ బాగా వేడెక్కాక, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) లోకి పోయే రెండు రబ్బరు గొట్టాలు ఉంటాయి చూడు, వాటి మీద చెయ్యి పెట్టు. జాగ్రత్త, బాగా కాలతాయి, గ్లవ్స్ తొడుక్కుని ముందు లైట్‌గా తాకు.

రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే కోర్ బానే ఉంది, లోపం గాలి వైపు, అంటే ఆ తలుపో, దాన్ని లాగే కేబులో. ఒకటి కాలుతూ రెండోది బాగా చల్లగా ఉంటే నీళ్ళు కోర్‌లో సరిగ్గా తిరగట్లేదు, లోపల మడ్డి పట్టి ఉండాలి లేదా గాలి ఇరుక్కుని ఉండాలి. రెండూ గోరువెచ్చగానే ఉంటే ఇంజనే వేడెక్కట్లేదు, అప్పుడు థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందా అని చూడాలి, కానీ నువ్వు ముల్లు మామూలు చోటే ఉంటుంది అంటున్నావు, కొత్తది వేసినా తేడా రాలేదంటున్నావు, కాబట్టి నా అనుమానం దాని మీద లేదు.

నువ్వు చెప్పిన లక్షణం చూస్తే, స్పీడ్‌లో గోరువెచ్చ, ఆగితే చల్లన, ఇది నీళ్ళ వైపే. ఐడిల్‌లో వాటర్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది, అడ్డం ఏదైనా ఉంటే దాన్ని దాటించే బలం ఉండదు, ఆర్‌పీఎం పెరిగితే కొంచెం తోస్తుంది. ఇంకోటి, షాపువాళ్ళు కూలెంట్ పోశాక గాలి తీశారా? రాత్రంతా చల్లారాక పొద్దున రేడియేటర్ మూత తీసి చూడు. పక్కనున్న రిజర్వాయర్ బాటిల్ చూసి నిండుగా ఉందనుకోవద్దు, బాటిల్ నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉన్న బండ్లు నేను చూశాను. మెడ దాకా కూలెంట్ కనపడాలి. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు.

ఎలాగూ అక్కడికి వంగుతావు కాబట్టి ఇంకొకటి కూడా చూడు. ఇంజన్ హెడ్ వెనక క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది, దాని ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) గట్టిపడి ఆయిల్ కారడం ఈ బండ్లన్నిటికీ ఉన్న జబ్బే, ఆ ఆయిల్ సరిగ్గా కింద ఉన్న హీటర్ గొట్టాల మీదే పడుతుంది. గొట్టం నొక్కితే గట్టిగా ఉండాలి, ఉబ్బి జిగటగా మెత్తగా తగిలితే మార్చెయ్యి. ఓ-రింగ్ చాలా చవక, కానీ ఆ గొట్టం దారిలో పగిలితే కూలెంట్ మొత్తం పోయి ఇంజనే పోతుంది.

లెస్టర్ఎంజీబీ:

నమస్తే తమ్ముడు, నేను ఇంగ్లండ్‌లో లెస్టర్ నుంచి, నాది 1972 ఎంజీబీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. మీ బండికి వాల్వ్ లేదని పై అన్న చెప్పాడు కదా, మాకు ఉంటుంది, ఇంజన్ హెడ్ పక్కన వెనక చివర్లో, కేబుల్‌తో నడుస్తుంది, హీటర్ రాకపోతే మేం ముందు చూసేది దాన్నే. నాది నాబ్ తిరుగుతుంది కానీ వాల్వ్ లోపల బిగుసుకుపోయి తెరుచుకునేది కాదు. అది విప్పి కొత్తది పెట్టాక కూడా హీటర్ గోరువెచ్చ దాటలేదు. మళ్ళీ విప్పి చూస్తే వాల్వ్ కింద హెడ్‌లో నీళ్ళు వచ్చే రంధ్రమే తుప్పు మడ్డితో సగం పూడిపోయి ఉంది, ఎర్రటి బంకమన్ను పట్టినట్టు, సన్న స్క్రూడ్రైవర్‌తో గీకితే ముద్దలుగా వచ్చింది. పాత బండిలో ఏళ్ళ తరబడి కూలెంట్ మార్చకుండా ఉత్త నీళ్ళు పోసి నడిపితే జరిగేది ఇదే, మడ్డి ఎప్పుడూ సన్నటి దారుల్లోనే చేరుతుంది, హీటర్‌లో ఉన్నవన్నీ సన్నటి దారులే.

మీ హీటర్ కోర్‌ని ఇక్కడ మేం మ్యాట్రిక్స్ అంటాం. నేను నా మ్యాట్రిక్స్‌ని బండిలోనే ఉంచి తిరగేసి నీళ్ళు కొట్టాను, బాగా పనిచేసింది. ఎంజీబీలో హీటర్ పెట్టె బయటికి తియ్యడం ఎంత నరకమో ఈ బండి ఉన్న ఎవర్నడిగినా చెప్తారు, అందుకే ఫ్లష్ చెయ్యకుండా దాని జోలికి ఎవరూ వెళ్ళరు. మీరు కూడా అదే ముందు చెయ్యండి.

ఎడిసన్944:

బ్రో నాది పోర్షా 944, న్యూజెర్సీ. మా దాంట్లో కథ వేరు, హీటర్ వాల్వ్ వాక్యూమ్‌తో మూసుకుంటుంది, ఆ ప్లాస్టిక్ వాల్వో సన్న వాక్యూమ్ గొట్టమో పోతే ఎండాకాలంలో కూడా వేడిగాలి ఆగదు, నీకున్న దానికి సరిగ్గా ఉల్టా. అయితే ఒకటి చెప్తా, పాత బండ్లలో గాలి తలుపుల మీద అతికించిన ఫోమ్ పొడిపొడి అయిపోతుంది, వెంట్ల లోంచి నల్ల పొడి ముక్కలు ఎగిరొస్తే అదే, అప్పుడు తలుపు పూర్తిగా మూసుకున్నా సందుల్లోంచి చల్లగాలి కలుస్తూ ఉంటుంది. నీకు అలాంటివేమైనా వస్తున్నాయా చూడు.

కోర్ విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంచెం వేరే. ముప్పై ఏళ్ళ కోర్‌ని ఫ్లష్ చేస్తే ఒక్కోసారి ఆ మడ్డే అడ్డం పెట్టి ఆపుతున్న చిన్న రంధ్రం తెరుచుకుని కార్పెట్ మీద కారడం మొదలవుతుంది. చెయ్యగలిగితే ఒకేసారి కొత్త కోర్ వేసేసుకుంటే మళ్ళీ పదేళ్ళు చూడక్కర్లేదు.

పాపప్‌లైట్లు:

944 తమ్ముడు చెప్పిన రిస్కు నిజమే, కాదనను. కానీ కారే కోర్ అయితే ఎలాగూ మార్చాల్సిందే, ఇవాళ కాకపోతే రేపు. కారని కోర్‌ని, చూడకుండా, డాష్ ఊడదీసి మార్చడం నేను ఒప్పుకోను. ఫ్లష్‌కి అయ్యే ఖర్చు రెండు గొట్టాలు, నాలుగు క్లాంపులు, కొంచెం కూలెంట్. అది పనిచేస్తే డాష్ బతికిపోయింది, పని చెయ్యకపోతే అప్పుడు కోర్ ఆలోచిద్దాం, పోయేదేం లేదు.

ఇంకోటి చెప్పాలి, ఇది చాలా మందికి తెలీదు. ఈ ఇంజన్ మొదట మాజ్డా 323 లాంటి ముందు చక్రాలు లాగే కార్లలో అడ్డంగా కూర్చున్న కుటుంబం లోది. దాన్నే మియాటాలో నిలువుగా పెట్టారు, రేడియేటర్‌కి పోయే దారీ థర్మోస్టాటూ ముందు వైపే వచ్చాయి, వాటర్ పంపూ ముందే. అంటే ఇంజన్ వెనక సిలిండర్ల దగ్గరి నుంచి బయటికి పోయే వేడి నీళ్ళకి ఉన్న ముఖ్యమైన దారి ఈ హీటర్ లైనే. అందుకే టర్బో పెట్టి రేసులకి తీసుకెళ్ళేవాళ్ళు కూలెంట్ దారి మొత్తం మార్చి థర్మోస్టాట్‌ని వెనక్కి తీసుకెళ్తారు. మనకి అంత అవసరం లేదు, కానీ హీటర్ కోర్ మూసుకుపోతే చలి ఒక్కటే కాదు సమస్య, నాలుగో సిలిండర్ దగ్గర నీళ్ళ కదలిక కూడా తగ్గిపోతుంది. హీటర్ అక్కర్లేదని ఆ రెండు కొనలకీ బిరడాలు బిగించిన బండ్లు చూశాను, దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు, తప్పనిసరైతే రెండు కొనల్నీ ఒక గొట్టంతో కలిపెయ్యండి, తిరగడం మాత్రం ఆగకూడదు.

నోవై91:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. శనివారం గరాజ్‌లో కూర్చుని అన్నీ చూశాను, ఏం కనపడిందో చెప్తా.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు మూత తీస్తే కూలెంట్ మెడ కంటే బాగా కిందకి ఉంది, బాటిల్‌లో మాత్రం ఫుల్ గీత దగ్గరే ఉంది, మీరన్నట్టే. డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోశాను, ముందు చక్రాలు జాక్ స్టాండ్ల మీద ఎత్తి, మూత చోట గరాటు బిగించి, హీటర్ నాబ్ ఫుల్ హాట్‌లో పెట్టి ఐడిల్‌లో వదిలేస్తే పెద్ద పెద్ద బుడగలు వచ్చాయి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగే దాకా ఉంచాను, ఆ తర్వాత బుడగలు పూర్తిగా ఆగిపోయాయి. గాలి ఉన్న మాట నిజమే అన్నమాట. హీటర్ కొంచెం మెరుగైంది, కానీ సిగ్నల్ దగ్గర ఇప్పటికీ చల్లబడుతోంది.

గొట్టాలు: వంటింట్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే దాంతో చూశాను, ఇంజన్ హెడ్ వెనక నుంచి వచ్చే గొట్టం రబ్బరు మీద 170 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది, తిరిగి వెళ్ళే గొట్టం మీద 95 చూపిస్తోంది. చేత్తో పట్టుకున్నా తెలుస్తోంది, ఒకటి పట్టుకోలేం, రెండోది హాయిగా పట్టుకోవచ్చు. క్యామ్ సెన్సర్ కింద ఆయిల్ తడి ఉంది, ఒక గొట్టం నిజంగానే మెత్తబడి నొక్కితే సొట్ట పడుతోంది, ఆ చోట రబ్బరు వేలికి నల్లగా అంటుతోంది.

గాలి వైపు: కన్సోల్ పక్కన కాళ్ళ దగ్గర టార్చ్ వేసి చూస్తే కేబుల్ క్లిప్పులోనే ఉంది, నాబ్ తిప్పితే లివర్ ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా కదులుతోంది, చివర్లో తలుపు తగిలిన టక్కుమనే చప్పుడు కూడా వినిపిస్తోంది. ఫోమ్ ముక్కలేమీ రావట్లేదు. కాబట్టి ఫ్లష్ చేద్దామనే అనుకుంటున్నా. ఎలా చెయ్యాలి, ఎంత ప్రెషర్ పెట్టొచ్చు, ఏదైనా కెమికల్ వాడాలా?

పాపప్‌లైట్లు:

చాలా బాగా చూశావు తమ్ముడూ, 170 లోపలికి 95 బయటికి అంటే అనుమానం అక్కర్లేదు, కోర్‌లో నీళ్ళు చాలా నెమ్మదిగా పోతున్నాయి, పోయిన కాసిని నీళ్ళే వేడంతా వదిలేసి చల్లబడి బయటికొస్తున్నాయి. గన్ ఎప్పుడూ రబ్బరు మీదే గురి పెట్టు, మెరిసే అల్యూమినియం మీద పెడితే తప్పు చూపిస్తుంది. రబ్బరు పైన చూపించేది కూడా లోపలి నీళ్ళ వేడి కంటే తక్కువే ఉంటుంది, మనకి కావల్సింది రెండు గొట్టాల మధ్య తేడా కాబట్టి ఫర్వాలేదు.

ఇప్పుడు పని. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ కింద ప్లగ్ విప్పి కూలెంట్ కొంత దించు, లేకపోతే గొట్టం లాగగానే అంతా మీద పడుతుంది. గొట్టాల క్లాంపులు వెనక్కి జరిపాక గొట్టాన్ని పట్టుకుని గట్టిగా మెలి తిప్పి లాగొద్దు, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఫైర్‌వాల్ నుంచి బయటికొచ్చే ఆ సన్న పైపులు నేరుగా కోర్ నుంచి వచ్చేవే, వాటికి బలం లేదు, వంగినా చిట్లినా అప్పుడు నిజంగానే డాష్ ఊడదీయాలి. ఎలాగూ గొట్టాలు మారుస్తున్నావు కాబట్టి పాత గొట్టాన్ని బ్లేడుతో పొడుగునా గీసి తొక్క ఒలిచినట్టు తీసెయ్యి, పైపు మీద గాటు పడకుండా నెమ్మదిగా.

తర్వాత రెండు కొనలకీ పొడుగు గొట్టాలు బిగించు. నీళ్ళు మామూలుగా బయటికొచ్చే కొన లోంచి లోపలికి పంపాలి, అంటే ఉల్టా దారి, మడ్డి ఏ వైపు నుంచి వచ్చి ఇరుక్కుందో ఆ వైపుకే వెనక్కి తొయ్యాలి. రెండో కొన తెల్ల బకెట్‌లో పెట్టు, తెల్లది ఎందుకంటే ఏమొస్తోందో కనపడాలి. ట్యాప్ కొంచెం కొంచెంగా తెరువు, ఎప్పుడూ ఫుల్ తెరవొద్దు, ఈ సిస్టమ్ రేడియేటర్ మూత ఆపే ప్రెషర్‌కి మాత్రమే కట్టింది, ఇంటి ట్యాపులో ప్రెషర్ దానికంటే చాలా ఎక్కువుంటుంది. ఇటు కాసేపు, అటు కాసేపు, మళ్ళీ ఇటు. నీళ్ళు తేటగా రాగానే ఆపకు, తేటగా వచ్చిన తర్వాత దిశ మారిస్తే మళ్ళీ మడ్డి వస్తుంది, రెండు వైపులా తేటగా వచ్చేదాకా చెయ్యి.

ఎర్రబండిఅక్క:

హ్యూస్టన్ నుంచి. నాదీ మియాటానే, 96. కెమికల్ గురించి అడిగావు కదా, ముందు ఉత్త నీళ్ళతోనే చెయ్యి, చాలాసార్లు అదే సరిపోతుంది. నీళ్ళు తేటగా వస్తున్నా ధార సన్నగానే ఉంటే అప్పుడు నిమ్మ ఉప్పు వాడు, ఇండియన్ స్టోర్లో దొరుకుతుంది, గోరువెచ్చటి నీళ్ళలో కలిపి కోర్ నింపి అరగంట లోపు ఉంచి కడిగెయ్యి. గీజర్ కాయిల్ మీద పట్టిన తెల్ల పొరని ఎలా కరిగిస్తుందో ఇక్కడ కూడా అలాగే. కానీ రాత్రంతా ఉంచితే ఇంకా బాగా పోతుందని ఉంచొద్దు, ఆసిడ్ అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. డ్రెయిన్ పైపులు శుభ్రం చేసే ఘాటైన పౌడర్లు అసలు వద్దు, అవి అల్యూమినియాన్ని ఇంకా వేగంగా కొరుకుతాయి. కడిగాక చివర్లో డిస్టిల్డ్ వాటర్ కొంచెం పంపు.

నువ్వున్నది మిషిగన్‌లో కాబట్టి రెండు విషయాలు. ఫ్లష్ చేసి ఆ రోజుకి ఆపేసి బండిని అలాగే గరాజ్‌లో వదిలేసి పడుకోకు, కోర్‌లో మిగిలిన ఉత్త నీళ్ళు గడ్డకడితే కోర్ పగిలిపోతుంది. గొట్టంలో నోటితో ఊదైనా సరే నీళ్ళు బయటికి తోసేసి, వెంటనే కూలెంట్ మిక్స్ నింపి గొట్టాలు బిగించి, ఇంజన్ నడిపి అంతా కలిసేదాకా ఉంచు. సగం సగం మిక్స్ మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదు, కానీ కోర్‌లో నీళ్ళు మిగిలితే ఆ లెక్క తప్పుతుంది. చిన్న కోర్‌లో మిగిలేది తక్కువే అయినా ఒకసారి మిక్స్‌ని టెస్టర్‌తో చూసుకో, బల్బు నొక్కి పీల్చే చిన్న టెస్టర్ పార్ట్స్ షాపులో చవకగానే దొరుకుతుంది.

రెండోది, ఆ బకెట్‌లో పడ్డ పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెం నాకినా కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి పాత కూలెంట్ తీసుకునే చోటికి తీసుకెళ్ళి ఇచ్చెయ్యి, కాలవలో పొయ్యకు. ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.

నోవై91:

చేశాను! ముందే చెప్తున్నా, పనిచేసింది.

ఇక్కడ చలికాలం బయట ట్యాపులు కట్టేసి ఉంటాయి కాబట్టి బట్టలుతికే సింక్ ట్యాపుకి అడాప్టర్ పెట్టి గరాజ్ దాకా గొట్టం లాక్కున్నా, దానివల్ల గోరువెచ్చటి నీళ్ళు వాడే వీలు దొరికింది. పాత గొట్టాలు బ్లేడుతో గీసే తీశాను. మెత్తబడిన గొట్టం లోపల వైపు చూస్తే పగుళ్ళు, బయటికి అంత కనపడలేదు, లోపల మాత్రం వేలు పెడితే ముక్కలు రాలుతున్నాయి. అది దారిలో పగిలి ఉంటే ఏమయ్యేదో.

మొదట ట్యాప్ తెరిస్తే రెండో కొన లోంచి వచ్చింది పెన్సిల్ కంటే సన్నటి ధార, అదీ ఆగి ఆగి. కాసేపటికి టీ డికాక్షన్ రంగులో నీళ్ళు వచ్చాయి. దిశ మార్చి మళ్ళీ మార్చాక ఒక్కసారిగా ఉఫ్‌మని గడ్డ ఊడినట్టు వచ్చి ధార లావైంది, బకెట్ అడుగున చూస్తే గోధుమ రంగు ఇసకలాంటి మడ్డి, దాంట్లో రాగి రంగులో మెరిసే సన్న రవ్వలు. ఆ రవ్వలు ఏంటో అర్థం కాలేదు. తర్వాత నిమ్మ ఉప్పు కూడా ఒకసారి చేశాను, అక్క చెప్పినట్టు అరగంట లోపే. చివరికి ధార గొట్టం నిండా వస్తోంది, ఏ వైపు నుంచి పంపినా ఒకేలా.

కొత్త గొట్టాలు, కొత్త క్లాంపులు, క్యామ్ సెన్సర్ ఓ-రింగ్ కూడా మార్చేశాను, సెన్సర్ తీసే ముందు దాని పాత స్థానానికి మార్కర్‌తో గీత పెట్టుకుని మళ్ళీ అదే గీత మీద బిగించా, టైమింగ్ దాని మీదే ఆధారపడుతుంది కదా. మళ్ళీ ముందు భాగం ఎత్తి గాలి తీశాను. ఇప్పుడు లోపలికి 172, బయటికి 150. సెంటర్ వెంట్‌లో వంటింటి థర్మామీటర్ పెడితే 130 చూపించింది, ఐడిల్‌లో కూడా. బయట 20 ఫారెన్‌హీట్ ఉన్న రోజు హార్డ్‌టాప్ పెట్టుకుని ఊరు దాటి వెళ్ళొచ్చాం, మా ఆవిడ దారిలో హీటర్ తగ్గించమంది. అద్దం మీద పొర అయితే బండి కదలక ముందే పోతోంది.

ఒక్క ప్రశ్న, ఆ రాగి రవ్వలు కోర్ లోపలి లోహం అరిగి రాలినవా? అది భయంగా ఉంది.

పాపప్‌లైట్లు:

సంతోషం తమ్ముడూ, చాలా సంతోషం, 172కి 150 అంటే మంచి నంబర్.

రాగి రవ్వల గురించి భయపడకు, చాలావరకు అది స్టాప్ లీక్ అయ్యుంటుంది. లీకు ఆపడానికి రేడియేటర్‌లో పోసే కొన్ని మందుల్లో రాగి రంగు పొడి ఉంటుంది, ఎప్పుడో ఎవరో రేడియేటర్ లీకైతే పోసి ఉంటారు. అది లీకుతో పాటు కోర్‌లో సన్న దారుల్ని కూడా మూసేస్తుంది. నీ బండి రేడియేటర్ పై ట్యాంక్ ప్లాస్టిక్ ఏ రంగులో ఉంది? కొత్తప్పుడు నల్లగా ఉంటుంది, గోధుమ రంగులోకి తిరిగిందంటే వయసైపోయింది, చెప్పకుండా చీలుతుంది. అలా ఉంటే కోర్ కోసం దాచిన డబ్బుల్లో కొంచెం దానికి పెట్టు, ఒక పూటలో నువ్వే మార్చుకోగలవు.

ఎడిసన్944:

సూపర్ బ్రో, డాష్ బతికింది. నేను చెప్పినదానికి కూడా ఒక కన్నేసి ఉంచు, కొన్నాళ్ళు పక్క సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూస్తూ ఉండు, అద్దం లోపల జిడ్డు పొర లాంటి ఆవిరి పట్టినా, తియ్యటి వాసన వచ్చినా కోర్ కారుతోందని అర్థం.

నోవై91:

అన్నా ఇప్పుడే వెళ్ళి చూశా, పై ట్యాంక్ పూర్తిగా గోధుమ రంగే, నల్లని ఛాయ ఎక్కడా లేదు. కొత్త రేడియేటర్ ఆర్డర్ పెట్టేస్తున్నా. మార్చేటప్పుడు థర్మోస్టాట్ కూడా మళ్ళీ తీసి చూడాలా, షాపువాళ్ళు వేసినదే కదా?

పాపప్‌లైట్లు:

తీసి చూడు, ఖర్చేం లేదు, ఒక గ్యాస్కెట్ అంతే. థర్మోస్టాట్ అంచు మీద చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఉంటుంది, అది పైకి ఉండాలి, గాలి బయటికి పోయేది అక్కడి నుంచే, కిందకి పెట్టి బిగిస్తే నువ్వు ఎంత ఎత్తి గాలి తీసినా కొంచెం మిగిలిపోతుంది. దాని మీద ముద్రించిన డిగ్రీ కూడా చూడు, ఈ బండికి 190 దగ్గర్లో తెరుచుకునేది ఉండాలి, కొంతమంది ఇంజన్ చల్లగా ఉంటుందని ఇంకా తక్కువ డిగ్రీది వేస్తారు, దాంతో చలికాలం హీటర్ దెబ్బతింటుంది. ఆ హౌసింగ్‌కే రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ ఉంటుంది, దాని వైరు తియ్యడం మర్చిపోకుండా తీసి, మళ్ళీ పెట్టు.

కొత్త రేడియేటర్ వేశాక సిస్టమ్ మొత్తానికి దాదాపు 6 లీటర్లు పడుతుంది. దించినంత తిరిగి పోశావా లేదా కొలుచుకో, తక్కువ పట్టిందంటే ఇంకా గాలి ఉన్నట్టే. మొదటి వారం రోజూ పొద్దున చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడు. ఒకట్రెండు సార్లు కొంచెం తగ్గి ఆగిపోతే మామూలే. ఎక్కడా కారకుండా ప్రతి రోజూ తగ్గుతూ ఉంటే, లేదా గాలి తీశాక కూడా ఐడిల్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే, అప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందేమో అని అనుమానించాలి. దానికి రేడియేటర్ మెడ దగ్గర పెట్టి చూసే నీలం రంగు ద్రావకం టెస్ట్ కిట్ ఉంటుంది, పార్ట్స్ షాపులో అద్దెకి కూడా ఇస్తారు, ఇంజన్ నడుస్తుండగా నీలం పసుపులోకి తిరిగితే ఎగ్జాస్ట్ గ్యాస్ నీళ్ళలోకి వస్తోందని అర్థం. నీకు బుడగలు పూర్తిగా ఆగిపోయాయన్నావు కాబట్టి ఆ అవసరం వస్తుందని నేననుకోను.

హీటర్ గొట్టాల క్లాంపులు ఈ వారంలో ఒకసారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ బిగించు. కొత్త రబ్బరు కొంచెం అణుగుతుంది, మొదట బిగించినవి కాస్త వదులవుతాయి.